ఉండండి, పిలుస్తాను

కోడలికి ఆ ఫోనంటే ఒళ్ళు మంట.

హాల్లో మెట్ల కింద, పొట్టి బల్ల మీద ఉంటుంది. బూడిద రంగు ల్యాండ్‌లైను. మెలికలు తిరిగిన తీగ, పైన ఒక అల్లిక గుడ్డ. ఇంట్లో ఉన్న నలుగురిలో ముగ్గురికి సెల్‌ఫోన్లున్నాయి. వంటింటి గట్టు మీద ఒకటి మోగితే మంచం కింద నుంచి ఇంకొకటి పలుకుతుంది. ఇక ఈ డబ్బా ఎవరిని ఉద్ధరించడానికి? అది మోగడం పాప పుట్టాక ఎవరూ వినలేదు. ఎవరైనా పొరపాటున దానికి చేస్తే, ఎప్పుడు చేసినా ఎంగేజే. "మీ ల్యాండ్‌లైన్లో అంతసేపు ఎవరమ్మా మాట్లాడేది?" అని స్కూల్ ఆఫీసావిడ అందరి ముందూ వెటకారం చేసింది కూడా.

అత్తగారు మాత్రం దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. పొద్దున్నే పొడిగుడ్డతో తుడుస్తుంది. అప్పుడప్పుడూ రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకుని, పెదవి విప్పకుండా కాసేపు విని, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టేస్తుంది. పెద్దతనం, చాదస్తం అని కొడుకు సరిపెట్టుకున్నాడు. కోడలు సరిపెట్టుకోలేదు. అది పెత్తనమని ఆమెకి బాగా తెలుసు.

ఒకప్పుడు ఆ ఇంటికి ఏ ఫోనొచ్చినా ముందు అత్తగారే ఎత్తాలి. కోడలికైతే మరీనూ. "ఎవరూ? ఏం పని మీద? సరే, ఉండండి, పిలుస్తాను," అనేసి రిసీవరు బల్ల మీద పక్కకి పడేసేది. ఆ పిలవడం ఆవిడకి బుద్ధి పుట్టినప్పుడు. కూర దించాక, సీరియల్ అయ్యాక. కొన్నిసార్లు అసలు పుట్టేదే కాదు. వేరే ఊళ్ళో ఒంటరిగా ఉండే కోడలి తల్లి, పాపం, నీలగిరి తైలం రాసుకున్న నొప్పి కాళ్ళతో అవతల ఫోను పట్టుకుని అలాగే నిలబడేది. ఆ పాత లైను తీరు కూడా అలాంటిదే. చేసినవాళ్ళు పెట్టేస్తే తప్ప వదిలేది కాదు. అత్తగారు విసుగొచ్చి ఠక్కున పెట్టేసినా, కోడలు వచ్చి మళ్ళీ ఎత్తితే అవతల తల్లి ఉండనే ఉండేది. "వదినగారు పిలుస్తానన్నారుగా, అందుకే ఉన్నాను," అనేది నవ్వుతూ.

పాప ఇంకా కడుపులో ఉండగా ఆ తల్లి పోయింది. గుండెపోటు. పొద్దున పక్కింటివాళ్ళు తలుపు పగలగొడితే, గోడకి జారగిలబడి, రిసీవరు గుప్పిట్లో బిగించి, కళ్ళు తెరిచే ఉందట. ఎవరికో చెయ్యబోయి ఉంటుందన్నారు. "నాకెందుకు చెయ్యలేదు అత్తయ్యా?" అని కోడలు తల బాదుకుంటే, "చేస్తే చెప్పనా అమ్మాయ్? రాత్రి మన లైనే పోయిందిగా," అంది అత్తగారు. నిజమే. ఆ రాత్రి ఫోన్లో చప్పుడు లేదు. చావు కబురు కూడా ఎదురింటి ఫోనుకి వచ్చింది.

ఆ తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. పాత ఫోను అత్తగారి సొత్తయిపోయింది.

ఆ రోజు పొద్దున వానలో తడుస్తూ టెలిఫోన్ కంపెనీ మనిషి వచ్చాడు. వీధిలో పాత రాగి తీగలన్నీ పీకేస్తున్నారట. "మీదొక్కటే మిగిలిందండీ," అన్నాడు.

"పట్టుకుపో బాబూ, పుణ్యముంటుంది," అంది కోడలు.

అత్తగారు ఆ ఫోన్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. "నేను పోయాక పీక్కోండి."

"ఈ రోజుల్లో ఏ ఇంటికి అత్తయ్యా ల్యాండ్‌లైను? ఎవరు చేస్తున్నారు దానికి? దేనికి పనికొస్తోంది?"

"లైను తెగకూడదు."

"తెగితే ఏం మునిగిపోతుంది?"

ముసలావిడ కళ్ళు ఆ మూలకీ ఈ మూలకీ తిరిగాయి. "ఊరుకోదు," అని గొణిగింది. ఎవరు ఊరుకోరో చెప్పలేదు. ఈ రభస చూసి కంపెనీ మనిషి వాన తగ్గాక వస్తానని జారుకున్నాడు. కోడలు పళ్ళు నూరుకుంటూ పనికి పోయింది. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగిస్తుంది. ఆ రోజు ఆ విసురులో ఒకరి కళ్ళజోడు కాడ పుటుక్కున విరిచేసింది కూడా.

మధ్యాహ్నానికి గాలివాన ముదిరింది. పాపని స్కూల్నుంచి తీసుకుని ఇల్లు చేరేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు పోయింది. సెల్‌ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఓడరేవులో క్రేను నడిపే మొగుడు అక్కడే చిక్కుకుపోయాడు. ఎదురింటికి తాళం. ఇల్లంతా తడిసిన గోడల వాసన, కొవ్వొత్తి వాసన. వాన హోరులో మనిషి గొంతు మనిషికి వినపడటం లేదు.

లైట్లు వేసే వేళకి పాపకి ఆయాసం మొదలైంది.

అది పుట్టినప్పట్నుంచీ ఉబ్బసం మనిషి. నోట్లో కొట్టే మందు రెండు గుక్కలకే అయిపోయింది. ఆవిరి పట్టే మిషను బల్ల మీదే ఉంది, కానీ కరెంటు లేదు. పాప ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఛాతీలో ఈల. పెదాల చుట్టూ నీలం.

"అమ్మా... రావట్లేదు..."

కోడలు సెల్‌ఫోను పైకెత్తి కిటికీ దగ్గరికీ మెట్ల మీదకీ పరుగెత్తింది. ఏమీ లేదు. అప్పుడు కనిపించింది, మెట్ల కింద, అల్లిక గుడ్డ కప్పుకుని. దానికి ఇంటి కరెంటుతో పని లేదు. ఆ తీగలోనే ఉంటుంది దాని ప్రాణం.

గుడ్డ లాగేసింది.

"వద్దు!" అత్తగారు వచ్చి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. "ఇంకేదైనా చూడు. అది ఎత్తకు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఎత్తకు."

"పిల్ల చచ్చిపోతోందండీ! వదలండి!"

విదిలించుకుని రిసీవరు చెవికి ఆనించింది.

డయల్ టోన్ లేదు.

తీగ తెగిన ఫోన్లో ఉండే నిశ్శబ్దం కూడా కాదు అది. అవతల ఒక గది ఉంది. గోడ గడియారం కొట్టుకుంటోంది. ఎవరో ఊపిరి తీస్తున్నారు... నెమ్మదిగా... కష్టపడి. రిసీవరు చిల్లుల్లోంచి సన్నగా నీలగిరి తైలం వాసన.

కోడలు మీట నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. గడియారం అలాగే కొట్టుకుంటోంది.

"ఎవరండీ? ఫోన్ పెట్టెయ్యండి. అంబులెన్సుకి చెయ్యాలి. దయచేసి పెట్టెయ్యండి!"

అవతల ఊపిరి ఆగింది.

"...బుజ్జీ?"

ఆ పేరుతో కోడలిని పిలిచింది లోకంలో ఒక్కరే.

"వచ్చావా తల్లీ... వదినగారు ఉండమన్నారు... పిలుస్తానన్నారు... అందుకే ఉన్నాను..."

భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దాని వెనకాలే ఇంకొకటి లేచి భయాన్ని పక్కకి తోసేసింది. కోడలు రిసీవరు దించకుండానే తల తిప్పి అత్తగారి వైపు చూసింది.

"ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసిందా?"

ముసలావిడ గోడకి అతుక్కుపోయింది.

"చేసిందా, లేదా?"

"సీరియల్ అయ్యాక పిలుద్దామనుకున్నానే," అత్తగారి గొంతు పీలగా వచ్చింది. "గుండెల్లో నొప్పిగా ఉందంది. రోజూ ఉండేదేగా అనుకున్నా. తర్వాత మర్చిపోయా. పడుకోబోతూ చూసి పెట్టేశా... అప్పట్నుంచీ ఎప్పుడెత్తినా ఉంటుందే. పెట్టెయ్యి తల్లీ అంటే పెట్టదు. తీగ తీయించేస్తానన్నానొకసారి. అయితే నేనే వస్తాను వదినగారూ, అంది."

కోడలు రిసీవరు గుప్పిట్లో బిగించింది. ఇన్నేళ్ళు. ఈవిడ చేతి కింద వండింది, కాళ్ళు నొక్కింది, జ్వరమొస్తే మేలుకుని కూర్చుంది. తల్లి తనని తలుచుకోకుండానే పోయిందని ఇన్నేళ్ళూ లోలోపల తల్లినే తిట్టుకుంది. ఒక సీరియల్ కోసం... ఈ ముసలిదాని గొంతు పిసికెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది.

వెనకాల పాప ఛాతీలో ఈల సన్నబడుతోంది. అంటే లోపలికి గాలే పోవడం లేదు. అది ఇంకా భయం.

అమ్మతో మాట్లాడాలి. అడగాల్సినవి, చెప్పాల్సినవి బోలెడున్నాయి. కానీ అమ్మ పట్టుకున్నంతసేపూ లైను వదలదు.

"అమ్మా," అంది కోడలు. "ఫోన్ పెట్టెయ్యి."

"ఇప్పుడేగా వచ్చావు..."

"పాపకి ఊపిరాడటం లేదమ్మా. నా కూతురికి. పెట్టెయ్యమ్మా, నీకు దణ్ణం పెడతా!"

గడియారం ఆగింది.

"పాపా?" ఆ గొంతు మెత్తబడింది. "అలాగా... పుట్టిందని నాకు చెప్పనేలేదు. సరే తల్లీ. పెట్టేస్తున్నా."

కాస్త ఆగింది.

"ఇక నేనే వస్తాలే."

క్లిక్.

చెవి పగిలేట్టు డయల్ టోన్ వచ్చింది.

అంబులెన్సు నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చేదాకా కోడలు పాపని ఛాతీకి ఆనించుకుని కూర్చుంది. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. అత్తగారు ఆ చివర నిలబడి ఒకే మాట అడుగుతోంది. "ఏమంది? పెట్టేసిందా? ఏమని పెట్టేసింది?" కోడలు చెప్పలేదు. ఇల్లంతా నీలగిరి తైలం వాసన కమ్ముకుంటోంది. ముందు మెట్ల దగ్గర. తర్వాత మెట్ల పైన.

అంబులెన్సువాళ్ళు పాప మూతికి ఆక్సిజన్ తగిలించి మోసుకుపోయారు. అత్తగారు చెప్పులైనా లేకుండా గుమ్మం దాకా వచ్చి కోడలి కొంగు పట్టుకుంది.

"నన్నూ తీసుకుపో అమ్మాయ్. ఏ మూలో కూర్చుంటా. ఒక్కదాన్నీ వదిలెయ్యకు. పైన... పైన ఎవరో నడుస్తున్నారే..."

కోడలు పైకి చూడలేదు. ఆ చేతి వేళ్ళని ఒక్కొక్కటే కొంగు మీంచి విప్పింది.

"ఉండండి అత్తయ్యా," అంది. "పిలుస్తాను."

తలుపు లాగి, బయట గొళ్ళెం పెట్టింది.

ఆస్పత్రిలో పాప పెదాలు మళ్ళీ ఎర్రబడేసరికి వాన వెలిసింది. మొగుడు తల నుంచి కాళ్ళ దాకా తడిసి వచ్చాడు. పాప నుదురు నిమిరాడు, కళ్ళు తుడుచుకున్నాడు, అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మ ఒక్కతే ఉందా ఇంట్లో?"

"ఒక్కతే ఏం కాదులే," అంది కోడలు.

ఆ మాట అతనికి అర్థం కాలేదు. అమ్మ సెల్ కలవట్లేదు, ఒకసారి ఫోన్ చెయ్యి, ఆ పాతదానికే, అని బతిమాలాడు. ఆస్పత్రి కౌంటరు మీద ఉన్న ఫోన్ నుంచి ఆమె ఇంటి నంబరు తిప్పింది. ఎంగేజ్ రాలేదు. ఇన్నేళ్ళకి మొదటిసారి, ఆ ఇంట్లో ఆ ఫోను మోగింది.

ఎవరో ఎత్తారు.

"హలో," అంది కోడలు. "అత్తయ్యకి ఒకసారి ఇస్తారా?"

"వదినగారికా?" అవతల చిన్నగా నవ్వు. "ఉండమ్మా, పిలుస్తాను."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు తీరిగ్గా లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత, కరెంటే లేని ఆ హాల్లో, టీవీలో సీరియల్ మొదలైంది. దాని వెనక ఎక్కడో, మూసిన తలుపు అవతల నుంచి, ఒక ముసలి గొంతు "అమ్మాయ్... అమ్మాయ్..." అంటోంది.

కోడలు ఫోన్ పెట్టలేదు. చేసింది తను. తను పెట్టేస్తే తప్ప లైను వదలదు.

"ఏమంటోంది అమ్మ?" మొగుడు ఆత్రంగా అడిగాడు.

"ఉండమంటోంది," అందామె, రిసీవరు భుజానికి ఆనించుకుని కౌంటరు పక్క కుర్చీలో వెనక్కి వాలుతూ. "పిలుస్తుందట."