మూయకూడని చిల్లు

జనవరి నెల రెండో గురువారం, సాయంత్రం నాలుగూ ఇరవై. ఆ ఊళ్ళో చలికాలం ఆ వేళకే చీకటి పడిపోతుంది. అక్క రెండు స్వెట్టర్ల మీద మరిది పాత కోటు తొడుక్కుని, అన్నం డబ్బా ఉన్న సంచి గుండెలకు హత్తుకుని, విశ్వవిద్యాలయం వెనక గేటు దాటింది.

ఆమె చెల్లెలు చిట్టి అక్కడ ఏడాది ఉద్యోగం మీద ఉంది. ప్రాచీన నాగరికతల శాఖలో విజిటింగ్ అధ్యాపకురాలు. వారానికి రెండు క్లాసులు చెప్పాలి. మిగతా పొద్దంతా నేలమాళిగలో కూర్చుని, ఎప్పుడో తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు ఒకదానికొకటి అతికించాలి.

"విజిటింగ్ అంటే చుట్టపుచూపు ఉద్యోగం వదినగారూ," అనేవాడు మరిది, చిట్టి భర్త. "కాకపోతే చుట్టాలొస్తే మనం ఇంకో రెండ్రోజులు ఉండమంటాం. వీళ్ళు వచ్చిన రోజే వెళ్ళే తేదీ చేతిలో పెడతారు." అతను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసుకునే మనిషి. భార్యకు ఏ దేశంలో పని దొరికితే ఆ దేశానికి పెట్టే బేడా సర్దుకుని వెంట నడిచేవాడు. ఇది మూడో దేశం. ఇక్కడి అద్దె ఇంట్లో కుర్చీలూ కంచాలూ కూడా ఎవరో ముందు వచ్చి వెళ్ళినవాళ్ళు వదిలేసినవే.

అక్క ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది చిట్టికి ఆడపిల్ల పుట్టింది. ఒక్క పూట ఉంది. తల్లికి ఒళ్ళు తెలియని జ్వరం. ఆమె కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకున్నది అక్క ఒక్కతే. చిట్టి ఏనాడూ "ఎలా ఉండేదే?" అని అడగలేదు. అడగంది చెప్పడానికి అక్కకు నోరు రాలేదు. చిట్టికి పాలు మాత్రం వచ్చాయి. తాగే నోరు లేదని ఒంటికి ఎవరు చెప్తారు? గుడ్డ బిగించి కట్టి, కొన్నాళ్ళకు ఎండగట్టారు.

"మీరొచ్చి కొన్ని నెలలు ఉండండి వదినగారూ," అన్నాడు మరిది ఫోనులో. "తను నవ్వుతోంది, క్లాసులు చెప్తోంది. అయినా నాకెందుకో భయంగా ఉంది."

వచ్చిన కొత్తలో చిట్టి బాగానే కనిపించింది. ఈమధ్యే మారింది. పొద్దుపోయి ఇంటికి రావడం, కంచం ముట్టకుండా పడుకోవడం, వీళ్ళు లేవకముందే వెళ్ళిపోవడం. చేతిగడియారం జారి మోచేతి దాకా పోతోంది. పెదాల్లో రంగు లేదు. "డైటింగా ఏమిటే?" అంటే నవ్వి ఊరుకునేది. అందుకే ఆ సాయంత్రం అక్క డబ్బా పట్టుకుని తనే బయల్దేరింది. కూర్చోబెట్టి, కలిపి, ముద్దలు పెట్టి గాని రాకూడదనుకుంది.

మెట్లు దిగితే పొడుగాటి వరండా. మనిషి కదిలితే దీపం దానంతటదే వెలుగుతుంది, కదలకపోతే కాసేపటికి ఆరిపోతుంది. అక్క నడుస్తుంటే నెత్తిమీద ఒక్కో దీపం వెలుగుతూ, వెనక ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. పాత మట్టి వాసన. గోళ్ళరంగు లాంటి జిగురు వాసన. గోడల్లో వేడినీటి గొట్టాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

గిడ్డంగి తలుపు దగ్గరకు వచ్చేసరికి ఇంకో వాసన తగిలింది. అక్క ఆగిపోయింది. అది ఆమె ముక్కు మరిచిపోయే వాసన కాదు. పసిపిల్ల మాడు వాసన. పచ్చిపాల వాసన.

"రా అక్కా," అంది చిట్టి లోపల్నించి, తలుపు తట్టకముందే.

ఇనప అరల నిండా అట్టపెట్టెలు. మధ్యలో బల్ల, బల్లమీద ఇసుక పోసిన పళ్ళెం. అతికించిన జిగురు ఆరేదాకా పెంకులు కదలకుండా ఇసుకలో నిలబెడతారు. ఆ ఇసుకలో ఒక కుండ పక్కకి పడుకోబెట్టి ఉంది. ఒళ్ళో పట్టేంత కుండ. ఒంటి నిండా అతుకులు.

"పూర్తయిందన్నమాట," అంది అక్క, ఏదో ఒకటి అనాలని. "పప్పుకుండా, పాలకుండా?"

"పసివాళ్ళ కుండ." చిట్టి కుండ పక్కనే ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. "వేల ఏళ్ళ కిందట, ఈ కుండ దొరికిన ఊళ్ళో పసివాళ్ళు పోతే దూరంగా తీసుకెళ్ళేవారు కాదక్కా. ఇలాంటి కుండలో పడుకోబెట్టి ఇంట్లోనే, అమ్మ వంటచేసుకునే చోట, నేల కింద పెట్టుకునేవారు."

అక్క చెయ్యి దానంతటదే దణ్ణానికి లేచింది. "అయితే లోపల..."

"ఏం లేదు. ఎముకలు ఎప్పుడో తీసి వేరే ఊరు పంపేశారు. ఖాళీ కుండే."

"తిందువుగాని రా. అన్నం చల్లారిపోతుంది."

"ఆకలి లేదక్కా."

అక్క డబ్బా మూత తీస్తూ చెల్లెలి వైపు చూసింది. చిట్టి తెల్లకోటు ముందు భాగం తడిసి ఉంది. రెండు వైపులా... గుండ్రంగా... ఇంకా పాకుతోంది తడి.

మూత చేతిలోంచి జారి నేల మీద గింగిరాలు తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. ఇద్దరూ కదల్లేదు.

దీపం ఆరిపోయింది.

చీకట్లో గొట్టాల చప్పుడు. ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు. తప్... తప్... మట్టి మీద మెత్తటి అరచెయ్యి కొట్టినట్టు. లోపలి వైపు నుంచి. తర్వాత చిన్న ఊపిరి. తర్వాత... పెదాల చప్పుడు. చంటిపిల్ల నిద్రకళ్ళతో రొమ్ము వెతుక్కునేటప్పుడు చేసే చప్పుడు. చప్... చప్...

దీపం వెలిగింది.

అక్క కదల్లేదు. చిట్టి కదల్లేదు.

"విన్నావా?" గుసగుసగా అంది చిట్టి. ఆ మొహంలో భయం లేదు. అదే అక్కను ఎక్కువ భయపెట్టింది. అందరికీ పిల్లను చూపించుకునే బాలింత మొహం అది.

"ఎప్పట్నించే?"

"అడుగున ఒక చిల్లు ఉండేది. మా పనిలో పెంకు దొరకని చోట ప్లాస్టర్ పెట్టి నింపుతాం. అలవాటు కొద్దీ నింపేశాను. ఆ సాయంత్రం నుంచే..." ఒక్క క్షణం ఆగింది. "తప్పు చేశానక్కా. అది పగిలిన చిల్లు కాదు. అంచు చూస్తే తెలుస్తోంది. కావాలని పొడిచిందే. ఆ ఊళ్ళో ఈ కుండలన్నిటికీ అంతే. లోపల ఉన్నది వెళ్ళిపోవడానికి దారి."

"తెలిశాక తియ్యలేదేం మరి?"

చిట్టి కుండ మీద అరచెయ్యి పెట్టింది. జోకొట్టినట్టు మెల్లగా తట్టింది. తడి తెల్లకోటు అంచు దాకా దిగింది. ఆ తడి దిగిన కొద్దీ చిట్టి బుగ్గలు లోపలికి పోతున్నట్టు అక్క కళ్ళకు కనిపించింది. చెల్లెలు తినకపోవడం కాదు... చెల్లెల్నే తింటోంది ఏదో.

"ఎవరి బిడ్డో కదే తల్లీ."

"ఎవరిదైతేనేం? ఆకలి ఆకలే. ఆ అమ్మ ఎలా పొడిచిందో ఆ చిల్లు! చేతులెలా వచ్చాయో! నేను పొడవలేను."

"ఇంకో నెల ఇలాగైతే నువ్వుండవు."

"తెలుసు," అంది చిట్టి. మామూలుగా, రేపు క్లాసు ఉందన్నట్టు.

దీపం ఆరింది. చప్... చప్... ఈసారి చప్పుడు కొంచెం గట్టిగా. కొంచెం దగ్గరగా. ఇసుక జరిగిన అలికిడి. కుండ అక్క వైపు దొర్లిందేమో... చూడ్డానికి వెలుతురు లేదు. అక్క పెదాలు కదిలాయి. దేవుణ్ణి తలుచుకుంది. దెయ్యాన్ని వెళ్ళగొట్టమని కాదు. ఏం మాట్లాడాలో చెప్పమని అడిగింది.

అప్పుడు ఆమె నోటికి వచ్చింది ఇదీ.

"జుట్టు ఒత్తుగా ఉండేది."

చీకట్లో చిట్టి ఊపిరి ఆగింది.

"నుదుటి మీదికి పడేది. కుడిచెవి అంచు కాస్త ముడుచుకుని ఉండేది, అచ్చం నాన్నలాగా. గోళ్ళు పొడుగ్గా ఉన్నాయే, పుట్టగానే అంత గోళ్ళేమిటని నర్సు నవ్వింది. నా చూపుడు వేలు పట్టుకుంది. ఊరికే కాదు, గట్టిగా."

చప్పుడు ఆగిపోయింది. కుండలో ఉన్నదేదో కూడా వింటోంది.

"ఏడ్చిందా?" చిట్టి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చింది.

"ఒక్కసారి. పాడితే ఊరుకుంది."

"ఏం పాడావు?"

"నిన్ను నిద్రపుచ్చడానికి పాడిందే. నాకు వేరే పాట ఏం వచ్చు గనక? ఒకసారి ఆవలించింది కూడా. ఎంత నోరనుకున్నావు? ఇదేం ఆవలింత, ముత్తాతలాగా అన్నాను."

చిట్టి నవ్వింది. నవ్వు మధ్యలో విరిగింది. అప్పుడు ఏడ్చింది. ఏడాది పాటు ఎక్కడ దాచిందో, అంతా ఏడ్చింది. ఆ కదలికకు దీపం వెలిగింది. అక్క చెల్లెలి తల తన పొట్టకు అదుముకుని నిలబడింది. చూస్తే కుండ ఇసుక పళ్ళెం అంచు దాకా వచ్చి ఉంది.

"ఇది పొడిస్తే మనది కూడా వెళ్ళిపోతుంది కదక్కా..."

"మనది వెళ్ళిపోయింది తల్లీ."

చాలాసేపటికి చిట్టి చెయ్యి చాపింది. పళ్ళ డాక్టర్లు వాడేలాంటి సన్నటి కొక్కెం తీసుకుంది. ప్లాస్టర్‌ను నీళ్ళతో తడిపింది. గీకింది. తెల్లటి పొడి ఇసుక మీద రాలింది. చివరి పలుకు లోపలికి పడగానే కుండ లోంచి గాలి వచ్చింది. వెచ్చటి గాలి. వస్తూనే ఉంది. ఆ చిన్న కుండలో పట్టే గాలి కాదది. అక్క మొహానికి తగిలింది, మెడకు తగిలింది, కోటు కింద చీర అంచు ఎత్తింది... ఆగింది.

పాలవాసన లేదు. మట్టి, జిగురు, అంతే.

తెరిచిన తలుపులోంచి వరండా కనిపిస్తోంది. అక్కడ ఎవరూ లేరు. అయినా మొదటి దీపం వెలిగింది. తర్వాత రెండోది. తర్వాత ఇంకోటి. తొందర లేదు. పాకే వేగంలో, ఒక్కొక్కటే, మెట్ల దాకా. ఆఖరి దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ఎంతకీ ఆరలేదు.

"పద," అంది అక్క. వాళ్ళు ఆ దీపం కిందనుంచే నడవాలి. నడిచారు. అక్క కిందికి చూడలేదు. పైన వీధి తలుపు చాలా బరువు. చిట్టి దాన్ని నెట్టి పట్టుకుంది. అక్క దాటింది. అక్క దాటాక కూడా చిట్టి కొంతసేపు పట్టుకునే ఉంది. అలసట అనుకుంది అక్క. చలి అనుకుంది.

మర్నాడు పొద్దున ఇల్లు మామూలుగానే తెల్లారింది. ఇంట్లో దీపం పెడితే పైకప్పుకున్న పొగ గంట కూస్తుందని అక్క స్నానం చేసి ఉత్త దణ్ణంతోనే సరిపెట్టుకుంది. చిట్టి ముందురోజు అన్నం వేడి చేసుకుని కంచం నిండా పెట్టుకుంది, మళ్ళీ వడ్డించుకుంది. పెదాలకు రంగు వచ్చింది. మరిది ఆమె తినడం చూస్తూ తన కాఫీ చల్లార్చుకున్నాడు.

"ఏం మందు పెట్టారు వదినగారూ?" అన్నాడు రహస్యంగా.

"ముద్దలే," అంది అక్క, అంతే రహస్యంగా.

కెటిల్ కూతపెట్టేలోపే చిట్టి లేచి దింపేసింది. కంచాలు చప్పుడు కాకుండా కడిగింది. మరిది కుర్చీ ఈడ్వకుండా ఎత్తి జరిపాడు. అప్పుడు గాని అక్క గమనించలేదు. లేచిన దగ్గర్నుంచి ముగ్గురూ గొంతు పైకెత్తి ఒక్క మాట మాట్లాడలేదు. మరిదికి నేలమాళిగ సంగతి ఎవరూ చెప్పనైనా లేదు.

ఇదేం పిచ్చి అనుకుని, "చిట్టీ, ఆ గరిట ఇలా ఇవ్వవే!" అంది అక్క మామూలు గొంతుతో.

ముగ్గురూ బిగుసుకుపోయారు. మూడు తలలూ ఒకేసారి తిరిగాయి, హాలు చివర కోట్లు తగిలించుకునే చిన్న గది వైపు. దాని తలుపు దగ్గరగా వేసి ఉంది. ముగ్గురూ చెవులు రిక్కించి అలాగే నిలబడ్డారు.

కాసేపటికి మరిది ఊపిరి వదిలాడు.

"లేవలేదు," అన్నాడు.