గోడకు తగిలించిన చార్జర్

ఆమె మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. రెండో ప్రశ్నకు ధీమా ఉంది. మూడో ప్రశ్నకు మాత్రం అబద్ధమే ఉంది.

మా ఎలక్ట్రిక్ కార్ల షోరూమ్ అద్దాల మీద వాన జారుతోంది. ఆమె తడిసిన గొడుగు మడిచి, కారు డిక్కీలోకి వంగి, జానలతో కొలిచింది.

"నాన్న వీల్‌చైర్ పడుతుందా?"

"పడుతుందండీ."

"ఒకసారి నింపితే మా అత్తయ్య ఊరు వెళ్ళి రావాలి. పోను నూట అరవై కిలోమీటర్లు, రాను నూట అరవై. దారిలో చార్జింగ్ కోసం ఆగడం కుదరదు. నాన్న నడుం ఒప్పుకోదు."

"హాయిగా వెళ్ళి రావచ్చండీ!"

వెన్ను ఆపరేషన్ తర్వాత ఆయన బస్సెక్కలేదు. చెల్లెలి ముఖం చూసి రెండేళ్ళు దాటింది. ఏ కారు కొనాలో తేల్చే భారం లెక్కల టీచరైన కూతురి మీద పెట్టారు.

"మీరూ ఇంట్లోనే చార్జ్ చేస్తారా?"

ఆ కళ్ళు తిన్నగా నన్నే చూశాయి. ఒంటిగది అద్దెకు తీసుకుని, సిటీబస్సులో వేలాడి వచ్చే నేను, ఆ చూపు ముందు చిన్నబోవడానికి ఒప్పుకోలేకపోయాను.

"రోజూ అండీ. ఇదే కారు. రాత్రి పెడితే తెల్లారేసరికి ఫుల్!"

"అయితే ఆదివారం మీ ఇంటికొస్తాం. మా నాన్న ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశారు. కళ్ళారా చూస్తే గానీ నమ్మరు."

నా తల నన్నడగకుండానే ఊగింది.

ఆదివారం టెస్ట్ డ్రైవ్ కారు తెచ్చి ఇంటి ముందు నిలిపాను. షోరూమ్‌లో ప్రదర్శనకు పెట్టిన చార్జర్ పెట్టెను మెట్ల కింద గోడకు నాలుగు స్క్రూలతో బిగించాను. లోపల ఏమీ లేదు, నా మాటలో లాగే.

వాళ్ళొచ్చారు. పెద్దాయన వీల్‌చైర్‌లోంచి ముందుకు వంగి, పెట్టె చుట్టూ చూశారు.

"బాబూ, దీనికి వైరేదీ?"

"గోడలోంచి అండీ."

"గోడలోంచి ఎటు?"

"...లోపలికి."

ఆయన వేలితో కొట్టి చూశారు. డొల్లగా మోగింది. అదే సమయానికి మేడ మీంచి ఇంటి ఓనరమ్మ తొంగి చూసింది.

"ఏం నాయనా, ఆ డబ్బా ఏంటి? ఉత్తరాలు వేయడానికా? అడక్కుండా గోడకి చిల్లులు పెట్టావా? ఆ కారెవరిది? నిన్నటిదాకా బస్సు దిగి వచ్చేవాడివిగా!"

భూమి చీలితే బాగుండుననిపించింది. అది చీలలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి.

ఆమె నవ్వి ఉంటే బతికేవాణ్ణి. నవ్వలేదు.

"లెక్క తప్పితే దిద్దుకోవచ్చు," అంది మెల్లగా. "అంకెలే దొంగవైతే ఏం చేయగలం? మీ మాట విని, చెల్లెలింటికి తీసుకెళ్తానని నాన్నకి చెప్పేశాను. పదండి నాన్నా."

చక్రాల చప్పుడు సందు మలుపులో కలిసిపోయింది. స్క్రూలు విప్పి పెట్టె దించాను. గోడకు నాలుగు చిల్లులు మిగిలాయి. వాటిలో సున్నం కూరాను. నా సిగ్గును కూరడానికి ఏ చిల్లూ దొరకలేదు.

ఆ వారం సెలవు రోజున మేనేజర్‌ను బతిమాలి అదే కారు తీసుకున్నాను. సీట్లలో నలుగురి బరువుకు సరిపడా నీళ్ళ డబ్బాలు పేర్చి, ఏసీ వేసి, వాళ్ళ అత్తయ్య ఊరు వెళ్ళి వచ్చాను. తిరిగొచ్చేసరికి చార్జ్ మూడు శాతం. ఆ మూడు శాతం నన్ను చూసి తల అడ్డంగా ఊపినట్లనిపించింది.

మర్నాడు సాయంత్రం జల్లులో తడుస్తూ వాళ్ళింటి గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు తీసింది ఆమే.

"ఈసారి ఏం తగిలించడానికొచ్చారు?"

"ఆ కారు కొనొద్దని చెప్పడానికండీ. మూడు శాతంతో ఇల్లు చేరాను. ఎక్కడైనా రోడ్డు మూసి దారి మళ్ళిస్తే మీ నాన్నగారు నడిరోడ్డు మీద చిక్కుకుపోతారు. పెద్ద బ్యాటరీది రెండు నెలల్లో వస్తుంది, అంతవరకు ఆగండి. మామూలు ప్లగ్గుతో అది ఒక్క రాత్రిలో నిండదు. చార్జర్‌కి విడిగా లైను లాగించాలి."

"మీ మేనేజర్‌కి తెలుసా?"

"తెలుసండీ. ఉదయం నుంచి నాతో మాట్లాడటం లేదు."

ఆమె పెదవి కొసన ఏదో మెదిలి, ఆగింది.

"ఇంకేమైనా అబద్ధం మిగిలిందా?"

"లేదండీ. కానీ చెప్పని నిజం ఒకటుంది." నేల చూశాను. "ఆ రోజు అబద్ధమాడింది కారు అమ్ముడుపోవాలని కాదు. మీ కళ్ళకి తక్కువగా కనిపిస్తానేమోనని. చివరికి ఇంకా తక్కువైపోయాను."

ఆమె తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.

"నాకు కారున్నవాళ్ళు చాలామంది తెలుసు," అందామె. "మూడు శాతం వచ్చిందని నిజం చెప్పినవాళ్ళు మాత్రం..."

మాట పూర్తి చేయలేదు. ఎరుపెక్కిన చెంపలు పూర్తి చేశాయి.

లోపలి నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఆ అబ్బాయిని గుమ్మంలో నానబెట్టకు! లైను ఎలా లాగాలో నేను చెప్తాను, అతను లాగుతాడు. రెండు నెలల టైముంది కదా, రోజూ వచ్చి నేర్చుకోమను!"

ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది. తల ఇంకా వంచుకునే గడప దాటాను.