ఒల్లనన్న కపాలం

అది అపరాహ్ణ వేళ... అయినా అరబ్బు దేశపు అల్ ఖూజ్ మీద కాళరాత్రి దిగింది!

2024 ఏప్రిల్. చైత్రశుద్ధ అష్టమి. పొద్దుటి నుంచీ కురిసిన వాన కాసేపు ఆగినట్టే ఆగింది. అంతలో సముద్రం మీద నుంచి మేఘాలు మందలు మందలుగా దూసుకొచ్చాయి. ఆకాశం ముందు కుళ్ళిన గాయంలా పచ్చబడింది... ఆపైన కాటుకలా నల్లబడింది. చినుకుకు మొహం వాచిన ఎడారి మీద ఫెళఫెళమని ఉరుము ఉరిమింది! ఇళ్లు కదలవద్దని సర్కారు హెచ్చరించడంతో గోదాముల వీధులన్నీ నిర్మానుష్యంగా ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ... చిట్టచివరి గోదాము రేకుల కప్పు మీద వాలి వికృతంగా కూసింది.

ఆ కప్పు కిందే... వీరరాఘవరావు ఒక పుర్రెకు కుంకుమ పెడుతున్నాడు!

లోకానికి ఆయన పాత టేకుతో భోజనాల బల్లలు చేయించి విల్లాలకు అమ్మే పెద్దమనిషి. తెల్ల చొక్కా, నుదుట సన్నని విభూతి రేఖ, మెత్తని మాట. వయసులో ఉండగా ఒరిస్సా సరిహద్దు శ్మశానాల్లో కపాలాల మధ్య కూర్చుని ఆయన నేర్చిన విద్య ఒకటుందని ఎవరికీ తెలియదు. ఆ విద్యతో ఆయన సాధించదలచింది నిధులూ కాదు, నిక్షేపాలూ కాదు.

నిద్రపోని కూలీ... ఆకలనని కూలీ... ఎదురుచెప్పని కూలీ! అదీ ఆయన కోరిక.

గోదాము నిండా దొంతర్లు దొంతర్లుగా పేర్చిన టేకు దుంగలు. అవి రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు. సయాం అడవుల నుంచి వచ్చినవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాను సైన్యం సయాం నుంచి బర్మాకు రైలు బాట వేయించింది. యుద్ధంలో చిక్కిన తెల్ల సిపాయిలనూ, మలయా రబ్బరు తోటల్లోని తెలుగు, తమిళ కూలీలనూ పశువుల్లా తోలుకుపోయి, ఆ కీకారణ్యంలో కొండలు తొలిపించింది. కలరా... ఆకలి... బెత్తం దెబ్బలు! లెక్కకందని ప్రాణాలు ఆ బాట కింద కలిసిపోయాయి. ఆ ఆర్తనాదాలను తాగిన దుంగలే ఇవి!

వాటితో పాటు, అదే బాట పక్కన తవ్వించిన పుర్రెను ఒక బోలు దుంగలో దాచి తెప్పించాడు వీరరాఘవరావు. ఆ ప్రేతగణమంతా తలవంచేది ఈ పుర్రెకేనని అంజనం వేసి తెలుసుకున్నాడు. ఇది లొంగితే అందరూ లొంగుతారు. ఆ ప్రేతాలను పక్క క్యాంపులోని కూలీల దేహాల్లోకి పంపితే... ఇక వాళ్లు బతికున్నంత కాలం యంత్రాల్లా పనిచేస్తారు!

ముందుగా ఒక్కడి మీద ప్రయోగించి చూశాడు. వాడు భూమేశ్. జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్రంగి. దుంగలను అంటిపెట్టుకున్న ప్రేతాల్లో బెత్తానికి జడిసే దాన్నొకదాన్ని ఎంచి వాడిలోకి పంపాడు. ఆనాటి నుంచి భూమేశ్ కన్ను మూయలేదు. మెతుకు ముట్టలేదు. గోదాము మూల నిలబడి రందాతో చెక్కను చిత్రిక పడుతూనే ఉన్నాడు. కండ కరిగి ఎముకలు తేలాయి... అయినా చేతులు ఆగలేదు!

ఇక పుర్రె నోరు విప్పాలంటే స్త్రీ దేహం కావాలి. అందుకే వీరరాఘవరావు ఆ ఉదయం అజ్మాన్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ఒక తెలుగువాళ్లింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది భూమేశ్ భార్య ప్రేమ.

"నీ మొగుడికి ఒంట్లో బాలేదమ్మా. వచ్చి తీసుకెళ్లు" అన్నాడు, తేనె పూసిన గొంతుతో.

మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ ప్రేమ గోదాము ముందుకు వచ్చేసరికి సగం ఎత్తిన షట్టరు దగ్గర ఆశన్న నిలబడి ఉన్నాడు. ఆయన భూమేశ్‌కు చిన్నాయన. అదే గోదాములో పని.

"లోపలికి పోకు బిడ్డా! వాడు మన భూమేశ్ కాడిప్పుడు. రాత్రి లేదు పగలు లేదు, రందా కొడుతనే ఉన్నడు. బువ్వ పెడితే నా మొకం ఎన్నడూ చూడనట్టు చూస్తడు. సార్ ఏందో చేసిండు..."

"గట్లయితే ఎందుకు ఊకున్నవ్ మామా?"

ఆశన్న తల దించుకున్నాడు. "భయమైంది బిడ్డా. పాస్‌పోర్టులు ఆయన తాననే ఉన్నయి. నోరు తెరిస్తే వీసా ఇచ్చిన కఫీల్‌కు చెప్పి జైలుకు తోలిస్తనన్నడు."

ప్రేమ ముఖం మీది వాననీళ్లు తుడుచుకుంది. "నా మొగడు లోపలున్నడు. ఆయనను తీసుకొనే మళ్లుత!" అని వంగి షట్టరు కింద నుంచి లోపలికి దూరింది. ఆశన్న ఒకసారి వీధి వైపు చూశాడు. తరువాత తానూ దూరాడు.

ధడాల్‌మని షట్టరు దానంతటదే పడిపోయింది!

లోపల వేపనూనె దీపాలు... గుగ్గిలం పొగ... మాంసం కాలుతున్న కమురు వాసన! ఎర్రని ముగ్గు నడుమ పుర్రె. దాని వెనక పద్మాసనంలో వీరరాఘవరావు. చొక్కా లేదు. ఒళ్లంతా చితాభస్మం. ముగ్గు గీత ఆయన చుట్టూ రక్షణ వలయంలా తిరిగి ఉంది. దూరంగా మూలన... రందా ఆడిస్తున్న ఒక అస్థిపంజరం!

"ఏమయ్యో!" ప్రేమ కేక పెట్టి భర్త దగ్గరకు పరుగెత్తింది. భుజాలు పట్టి కుదిపింది. భూమేశ్ కళ్లు ఆమెను దాటి ఎక్కడో ఉన్నాయి. వాటిలో తడి లేదు... రెప్పపాటు లేదు!

"వాడు వినడే! వాడికిప్పుడు నా మాటే వినబడుతుంది" అని వికటంగా నవ్వాడు మాంత్రికుడు. "రావే... నువ్వే నా పాత్రవి!"

గుప్పెడు భస్మం గాలిలోకి విసిరాడు. బీజాక్షరాలు పిడుగుల్లా దొర్లాయి. ఆశన్న కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ప్రేమ దేహం విల్లులా వంగింది... జుట్టు విరబోసుకుంది... కనుగుడ్లు పైకి తేలిపోయాయి... కెవ్వుమని అరిచి ముగ్గు అంచున కూలబడింది!

ఉరుము. నిశ్శబ్దం. పుర్రె కంటి గుంతల్లో నీలి నిప్పు రాజుకుంది.

ప్రేమ పెదవులు కదిలాయి. వచ్చింది ఆమె గొంతు కాదు. ఆమె యాస కాదు. ఎక్కడో బొబ్బిలి వైపు మగవాడి గొంతు!

"ఎవుడ్రా... నన్ను లేపినోడు?"

"నీ ప్రభువుని! నీ పేరు చెప్పు!"

"సింహాద్రి. మలయా తోటల్లో రబ్బరు పాలు తీసుకుని బతికీవోణ్ణి. మూడు నెల్లు పని, కడుపునిండా కూడు అని సెప్పి రైలెక్కించీసినారు. నా కూతురు గుంట ఏడిసింది. బేగొచ్చీత్తానన్నాను... అడివిలో నా జతగాడొక తెల్ల సిపాయి. ఆడి బాస నాకు రాదు, నా బాస ఆడికి రాదు. ఒక దుంగకి ఆ కొస ఆడు, ఈ కొస నాను. కలరా తగిలి నా ఒళ్లోనే పోనాడు. ఆణ్ణి పూడ్సనీకండా బెత్తంతో కొట్టి, దుంగెత్తమన్నాడు జపాను దొర. నాను దించీసినాను. ఒల్లనన్నాను. కత్తితో నా తల తీసీసినాడు."

"తెలుసు! అందుకే నిన్ను వెతికించాను. ఇక లే! నీ గణాన్ని పిలువు! వాళ్లను ఈ కూలీల్లోకి పంపు! నా పని చేయించు!"

ప్రేమ నోట్లోంచి నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. రేకుల కప్పు అదిరింది.

"మళ్లీ పనా బుగతా? నానొల్లను!"

మాంత్రికుడి కళ్లు నిప్పులయ్యాయి. పక్కనున్న బెత్తం అందుకుని ప్రేమ వీపు మీద ఛెళ్లున కొట్టాడు! మూలన భూమేశ్ చేతిలోని రందా క్షణం పాటు ఆగి, రెట్టింపు వేగంతో కదిలింది. దొంతర్లలోంచి వేల గొంతుల మూలుగు...

వీరరాఘవరావు పెదవి విరిచాడు. "నీకు భయం లేకపోతేనేం! వాళ్లకుందిరా!"

బెత్తం మళ్లీ లేచింది. ఛెళ్లు! ఛెళ్లు! ఒక్కో దెబ్బకూ చీకట్లోంచి ఒక్కో వరస ఆకారాలు బయటికి వచ్చాయి... గోచీలు కట్టిన ఎముకల గూళ్లు! నల్లవాళ్లు, తెల్లవాళ్లు, కాళ్లకు కుళ్లిన పుళ్లు, కళ్లల్లో ఎనభై ఏళ్ల అలసట! ఒక్క మాట లేకుండా వంగి, దుంగలను భుజాలకెత్తుకున్నారు. దొంతర్లన్నీ గాలిలోకి లేచాయి. ముగ్గు చుట్టూ, మాంత్రికుడి తలమీదుగా, కప్పును తాకుతూ... టేకు దుంగల అరణ్యం!

"మొయ్యండి! మొయ్యండిరా!" పరమానందంతో పెడబొబ్బలు పెట్టాడు వీరరాఘవరావు. "ఇక ఈ ఆడదాని నెత్తురు పుర్రె మీద పడితే చాలు... మీరు శాశ్వతంగా నా బానిసలు!"

బెత్తం పక్కన పెట్టి ఆయన అందుకున్న కొడవలి తళుక్కుమంది. ఆయన ప్రేమ జుట్టు పట్టుకున్నాడు.

అప్పుడు ప్రేమ నోట్లోంచి ఆమె సొంత గొంతు వచ్చింది... లోతైన బావిలోంచి వచ్చినట్టు... పీలగా! "మామా... ఆయన మంత్రం మన భయం మీదనే ఉన్నది. సింహాద్రన్న నా లోపలికెల్లి చెప్తున్నడు. బతికున్నోళ్లు కాదనాలె మామా... నువ్వన్న కాదను!"

ఆశన్నకు పాస్‌పోర్టు గుర్తొచ్చింది... జైలు గుర్తొచ్చింది... కొడవలి అంచు కనబడింది! అయినా నోరు తెరిచాడు.

"జెయ్య!" అని అరిచాడు. "సార్... నీ పని నేను జెయ్య! ఏం జేసుకుంటవో చేసుకో!"

నేలకు అతుక్కున్న కాళ్లు ఊడివచ్చాయి! ఒక్క దూకులో వచ్చి, మాంత్రికుడి చేతిలోని కొడవలిని తన్నేసి, పక్కనున్న బెత్తం అందుకుని మోకాలికేసి విరిచాడు. ఫట్!

మూలన రందా చప్పుడు ఆగిపోయింది.

భూమేశ్ చేతులు వాలిపోయాయి. రెప్పలు మొదటిసారి కొట్టుకున్నాయి. రెండు కళ్ల నుంచీ నీళ్లు కారాయి. ఎండిన పెదవులు విడిపోయి, "నేను... జెయ్య..." అన్నాడు.

"మూర్ఖులారా! నన్నేం చేయగలరు? ఈ గీత దాటి ఏ ప్రేతమూ నన్ను తాకలేదు!"

నిజమే... ఏ ప్రేతమూ తాకలేదు. కానీ ప్రేమ ప్రేతం కాదు! జుట్టు మాంత్రికుడి పిడికిట్లో ఉండగానే ముందుకు వంగింది. వానకు తడిసిన అరచేతిని ఎర్రని గీత మీద ఆనించి, బలమంతా పెట్టి అడ్డంగా తుడిచేసింది!

ముగ్గు తెగింది.

వీరరాఘవరావు ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ప్రేమను వదిలి వెనక్కి పాకాడు. ఆశన్న ఒక చేత్తో ప్రేమనూ, మరో చేత్తో భూమేశ్‌నూ గోడవైపు లాగేశాడు. ఆమె నోట సింహాద్రి గొంతు ఉరుమును మించి మోగింది...

"ఒరే! అన్నలారా, తమ్ములారా! మోసింది సాలు! దించీయండ్రా!"

ఆ వంగిన వీపులన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. ఎన్నో ఏళ్లుగా భుజాల మీదున్న ఆ బరువును వాళ్లు... ఒక్కరొక్కరుగా కాదు, అందరూ ఒకేసారి... దించేశారు!

"వద్దు! ఆగండి! నేను మీ ప్రభువు..."

ఆ అరుపు పూర్తికాలేదు. కొండ విరిగిపడ్డట్టు దుంగలన్నీ మాంత్రికుడి మీద కూలాయి! నేల కంపించింది. దీపాలు ఆరిపోయాయి. షట్టరు చీలి, వీధిలోని వరద గోదాములోకి భోరుమని దూకింది. పుర్రె పిండిపిండిగా రాలి ఆ నీళ్లలో కలిసిపోయింది. కప్పు మీది గుడ్లగూబ రెక్కలు టపటపలాడించుకుంటూ పారిపోయింది.

మెరుపు వెలుగులో ఆశన్న చివరిసారిగా చూశాడు... ఒక నల్లని మనిషి, ఒక తెల్లని మనిషి, చేతులు ఖాళీగా ఊపుకుంటూ, పక్కపక్కనే నడిచి వాన తెరల్లోకి వెళ్లిపోతున్నారు. వాళ్ల వెనక వేలమంది!

ప్రేమ మెల్లగా కళ్లు తెరిచింది. వీపు భగభగ మండుతోంది. భూమేశ్ ఆమె ముఖం వైపు చూస్తూ, "ఎప్పుడొచ్చినవ్?" అని అడిగాడు. ఆమె భోరున ఏడ్చింది.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని నీళ్లలో నడిచారు. మూసి ఉన్న ఒక బకాలా కిరాణా కొట్టు మెట్లు ఎత్తుగా కనబడితే, ఎక్కి కూర్చున్నారు. వాన సన్నబడింది. భూమేశ్ ఆమె ఒడిలో తల పెట్టిన మరుక్షణం నిద్రలోకి జారిపోయాడు. గాఢమైన నిద్ర... గురక పెట్టే నిద్ర!

ఆయన జేబులో ఫోన్ మోగింది. ప్రేమ తీసింది. కంపెనీ సూపర్‌వైజర్ అయూబ్.

"ముదీర్ సార్ ఫోన్ లేపుతలేడు. గోదాముల నీళ్లు జొచ్చినయట. భూమేశ్‌ను జల్దీ తోలియ్యి, మాల్ ఎత్తాలె. యల్లా!"

"ఆయన పండుకున్నడు."

"పండుకునుడేంది? లేపు!"

ప్రేమ తన ఒడిలోని ముఖం వైపు చూసింది. కొంగుతో ఆయన నుదుటి తడి అద్దింది.

"నేను లేప" అని, ఫోన్ కట్ చేసింది.