కొలత దిబ్బ

ఉదయగిరి కొండ కింద, చెరువు పక్కన దొరగారు ఒక ఊరు కట్టాలనుకున్నారు. ఎండాకాలంలో దొరలు వచ్చి ఉండటానికి బంగళాలు, పడవల రేవు, గుర్రబ్బండ్ల బాట. కాగితం మీద బ్రహ్మాండంగా ఉండేది. నేల చదును చేయించే పని మాత్రం మేస్త్రీనని నా నెత్తిన పడింది. సోమవారం శంకుస్థాపన. ఆలోగా కాకపోతే నా ఉద్యోగం ఊడుతుంది.

అంతా అయింది, ఒక్క దిబ్బ తప్ప. నడుమెత్తు మట్టి దిబ్బ, సరిగ్గా పెద్ద బంగళా రావలసిన చోట. ఎన్నిసార్లు కొట్టించినా తెల్లారేసరికి మళ్లీ అక్కడే. ఐదు రోజులు ఇదే తంతు. కూలీల మీద అరిచి అరిచి నా గొంతు పోయింది. ఎవడో కావాలనే మట్టి పోస్తున్నాడనుకున్నాను.

ఆరో రోజు పొద్దు వాలుతుండగా నేనే వెళ్లాను. గాలి లేదు. చెరువు బురద వాసనలో పులిసిన గంజి వాసన కలిసి వస్తోంది. పాత కూలీ సిద్ధయ్య దిబ్బ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవడు పోశాడని నిలదీశాను. అతను దిబ్బ మీది ఎండుగడ్డి పట్టి లాగాడు. ఊడి రాలేదు. వేళ్లు లోతుకు దిగి ఉన్నాయి.

"పోసిన మట్టికి ఇట్టాంటి గడ్డి ఉంటాదా అయ్యా? ఎవురూ పొయ్యలా," అన్నాడు మెల్లగా. "చుట్టూ ఉన్న నేల తవ్వినారు."

అలాంటి దిబ్బ నేనెరిగిందే.

వెనక ధాత సంవత్సరం వచ్చిన పెద్ద కరువులో ఈ చెరువుకట్టకు మట్టి తవ్వించింది నేనే. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత మధ్యలో కాస్త నేల అలాగే వదిలేవాళ్లు. ఆ దిబ్బ ఎత్తు కొలిచి నేను చీటీ రాస్తేనే గంజి పోసేవాళ్లు. ఒక సాయంత్రం సిద్ధయ్య పెళ్లాం మాలకొండమ్మ కొలవమని నా వెంటపడింది. విసుగొచ్చి, రేపు చూద్దాంలే అన్నాను. పొద్దున వెళ్లేసరికి గుంతలోనే పడి ఉంది. చేతిలో పార వదల్లేదు.

"కొలిచి పొండయ్యా," అన్నాడు సిద్ధయ్య. "అంతే అడగతా ఉండాది."

కొలబద్ద నా చేతిలోనే ఉంది. కానీ కొలిస్తే ఆనాటి తప్పు ఒప్పుకున్నట్టే కదా. నాకు ఒళ్లు మండింది. చచ్చినదానికి చీటీ రాయాలా?

"రేపు చూద్దాంలే," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. వెనక పార నేలకు తగిలిన చప్పుడు. సిద్ధయ్య చేతులు ఖాళీగానే ఉన్నాయి...

కొలబద్ద పారేసి పరుగెత్తాను. ఉద్యోగం పోతే పోయిందని బండి కట్టించుకుని ఆత్మకూరులో మా ఇంటికి వచ్చిపడ్డాను. రెండు రోజులు ఏమీ లేదు.

మూడో రోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. ధప్... ధప్... ఆగిపోయింది. గంజి వాసన. మంచం మీంచి కాళ్లు కిందికి దించాను. నేల తగల్లేదు. ఇంకా దించాను... తగల్లేదు.

మంచం కోళ్ల కింద మాత్రం కాస్త మట్టి మిగిలి ఉంది. కొలవడానికి చేతిలో ఏమీ లేదు. కొలబద్ద చెరువు దగ్గరే పారేసి వచ్చాను.