ముగ్గుపిండిలో రెండు గుంటలు

పొద్దున్నే పాలు పొంగకముందే యాకయ్య ఇంట్లో గొడవ మొదలైంది. కారణం, హాల్లో టీవీ ముందున్న సైకిల్. ఎంత తొక్కినా ఎక్కడికీ పోని సైకిల్.

యాకయ్య భార్య మొగిలమ్మకు మోకాలి ఆపరేషనై రెండు నెలలు. రోజూ ఇరవై నిమిషాలు తొక్కకపోతే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. కూతురు అరుణ ఫిజియోథెరపిస్టు, హన్మకొండలో సొంత క్లినిక్ ఉంది. ఆమే సైకిల్ కొని, ఫోన్‌లో వెతికి వెతికి దిండులాంటి వెడల్పాటి సీటు తెప్పించింది. పోచమ్మమైదాన్‌లో ముప్పై ఎనిమిదేళ్లు సైకిల్ దుకాణం నడిపిన తండ్రిని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ దుకాణం మూయించిందీ ఆమే. "మా నాన్నది బిజినెస్" అని ఎవరితోనో చెబుతుంటే యాకయ్య ఒకసారి విన్నాడు. విని ఊరుకున్నాడు.

"అమ్మా, నిన్న మూడే నిమిషాలు తొక్కినవ్. మీటర్ల కనపడుతాంది. ఇట్లయితే కాలు వంగుతదా?"

"మోకాలు నొస్తాంది బిడ్డా."

"ఇంకా నొస్తాందంటే ఆపరేషన్ల ఏదో తేడా ఉన్నట్టే. రేపు దవాఖానకు పోదాం. మళ్ల కోస్తమన్నా కోస్తరు."

మొగిలమ్మ ముఖం పాలిపోయింది. చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. యాకయ్య అప్పుడు గమనించాడు. మోకాలు నొప్పి ఉన్న మనిషి కుర్చీ వెతుక్కోవాలి. ఈమె వారం రోజులుగా సైకిల్ దిగి నిలబడే చాయ్ తాగుతోంది. సైకిల్ సీటు కుదరని పాలవాళ్లు దుకాణంలో స్టూలు వేసినా వద్దని అచ్చం ఇలాగే నిలబడేవాళ్లు.

"మోకాలు కాదు, సీటు" అన్నాడు.

"నాయినా, అన్నిట్ల మెత్తటి సీటు అది. నీకు తెల్వదు, ఊకో."

"నాకు తెల్వదా?" కూతురి మీద ఏనాడూ ఎత్తని గొంతు ఎత్తాడు. "ఈ ఊర్ల సగం సైకిళ్లకు సీట్లు నేనే ఏసిన. నిన్ను చదివిచ్చింది ఆ దుకాణమే. పదిమందిల చెప్పుకోనీకి సిగ్గయితే చెప్పుకోకు. తెల్వదని మాత్రం అనకు!"

మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"కూసున్న కాడ ఒకటే మంట బిడ్డా. మీ నాయిన ముంగట అదెట్ల చెప్పాలె? అందుకే మోకాలన్న."

యాకయ్య చెక్క కుర్చీలో ముగ్గుపిండి మందంగా పరిచి, పైన పాత పంచె కప్పాడు.

"జర కూసో."

"పిండి మీదనా? నీకేమన్న పిచ్చి పుట్టిందా?"

తిట్టుకుంటూనే కూర్చుని లేచింది. పంచె తీస్తే పిండిలో రెండు గుంటలు. వాటి మధ్య దూరం వేళ్లతో కొలిచాడు.

"బరువు ఈ గుంటలు చేసిన రెండు ఎముకల మీద పడాలె బిడ్డా. మరీ మెత్తగుంటే మనిషి దిగబడి ఆ రెంటి నడుమ ఒత్తుకుంటది."

అటక మీద దాచిన దుకాణం సామాను గోనెసంచిలోంచి ఆ కొలతకు సరిపోయే గట్టి సీటు తీసి బిగించాడు. మొగిలమ్మ ఆ రోజు తొమ్మిది నిమిషాలు తొక్కింది. వారం తిరిగేసరికి ఇరవై దాటింది, చాయ్ సోఫాలో కూర్చుని తాగింది.

"నాయినా, మా క్లినిక్‌ల రెండు సైకిళ్లున్నయి. ఎవరూ ఐదు నిమిషాలు కూసుంటలేరు. జర వస్తవా?" అని అరుణ ఫోన్ చేసింది.

యాకయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నట్లు బిగించే పానాలు, ముగ్గుపిండి డబ్బా పట్టుకుని వెళ్లాడు. లోపలికి అడుగు పెట్టగానే అరుణ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మా నాయిన" అంది పేషెంట్లందరికీ వినపడేలా. "సైకిల్ మెకానిక్. ఈయన దగ్గర నేను కూడా నేర్చుకుంటాన్న."

యాకయ్యకు కళ్లు మసకబారాయి. డబ్బా మూత తీశాడు. ఒకప్పుడు దుకాణంలో అడిగినట్టే అడిగాడు.

"ముందుగాల ఎవరిది సూడాలె?"