ఐదు నిమిషాల తేడా

దర్జీ కొట్లో ట్రయల్ రూమ్ అద్దం పక్కకి జరిగింది. ఏజెంట్ పిచ్చుక లోపలికి వెళ్ళి, కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషిలా చేతులు దించుకుని నిలబడ్డాడు.

చీఫ్ తల ఎత్తలేదు. "గరుడ నీళ్ళ ఆఫీసుకి వెళ్తున్నాడు" అన్నాడు.

ఏ మిషన్ మీద పిలిచినా మొదటి మాట గరుడ గురించే. ఆ పేరు వింటేనే పిచ్చుకకి ఒళ్ళు మండేది. గరుడ బయటివాడైతే ఇంత బాధ లేకపోను. సాక్షాత్తూ తోడల్లుడు, భార్య అక్కగారి భర్త. ఇంట్లో మామగారు పెద్దల్లుడి మాట తప్ప ఎత్తరు. ఇక్కడ చీఫూ అంతే. చివరికి కోడ్ పేర్లు పంచినప్పుడు కూడా ఆయనకి గరుడ, ఇతనికి పిచ్చుక. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ అతను అడిగేది ఒకటే. "స్వామీ, నాకు తక్కువ చేశావని అనను. ఆయనకి ఎక్కువెందుకు చేశావు?" దేవుడు ఇంతవరకూ జవాబు చెప్పలేదు. పిచ్చుక అడగడమూ మానలేదు.

"ఊరంతటికీ మంచినీళ్ళు ఆ ఆఫీసునుంచే వదుల్తారు" చీఫ్ చెప్పుకుపోతున్నాడు. "ఇన్నాళ్ళూ అక్కడ ఏ కంప్యూటర్ దారి దానిదే. రేపు అన్నిటినీ ఒకే డొమైన్‌లో కలుపుతున్నారు. అన్నిటి మీదా ఒకే సర్వర్."

"వేరు కాపురాలన్నీ ఉమ్మడి కుటుంబం అవుతాయన్నమాట."

"అవును. ఇంటిపెద్ద సర్వర్. ఎవరు లోపలికి రావాలన్నా దానికి పేరు, పాస్‌వర్డ్ చెప్పుకోవాలి. కంప్యూటర్‌ని కలిపేటప్పుడు మాత్రం అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టాలి. అది విదేశీ ముఠా చేతిలో పడితే నీళ్ళు శుభ్రం చేసే యంత్రాలు వాళ్ళు చెప్పినట్టు ఆడతాయి. ఊరు ఏం తాగాలో వాళ్ళు నిర్ణయిస్తారు."

"అడ్మినిస్ట్రేటర్ ఎవరు సార్?" తెలిసే అడిగాడు.

"గరుడ. నువ్వు కేబుల్ మెకానిక్‌వి."

"ఆయన కిందా?"

"ఆయన పక్కన." చీఫ్ మొదటిసారి తల ఎత్తాడు. "మన లోపలివాళ్ళెవరో అమ్ముడుపోయారు. ముఠాలో మనకి పనిచేసే మనిషి ఒకావిడ ఉంది. ఆడిటర్‌గా వస్తుంది. 'కేబుల్ సరిపోతుందా?' అంటుంది. 'మూల తిరిగితే చాలదు' అను. ద్రోహి ఎవరో చెబుతుంది."

టేబుల్ మీద ఒక పెన్ను పెట్టాడు. "రెండుసార్లు నొక్కితే మనవాళ్ళు వస్తారు. నువ్వు వేలు చూపించినవాళ్ళని ఎత్తుకుపోతారు."

"ఇందులో కెమెరా ఉందా సార్?"

"గరుడ పెన్నులో ఉంది. నీదాంతో రాసుకోవచ్చు."

మర్నాడు ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన కేబుల్ చుట్టతో పిచ్చుక నీళ్ళ ఆఫీసులో దిగాడు. గరుడ ఇస్త్రీ నలగని చొక్కాలో ఎదురొచ్చాడు.

"తమ్ముడూ, మీసం వంకరగా ఉంది" అన్నాడు మెల్లిగా. తర్వాత అందరికీ వినబడేలా, "ఇదిగో మెకానిక్, నువ్వు కేబుల్ పెట్టు, సర్వర్ అడ్రసు కొట్టు. పాస్‌వర్డ్ అడిగితే నన్ను పిలువు" అన్నాడు.

పని మొదలైంది. బల్లల కింద దూరి దుమ్ము మింగడం పిచ్చుక వంతు. వచ్చి నిలబడి, ఒక అరచెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు అక్షరాలు టకటకలాడించి పోవడం గరుడ వంతు. స్క్రీన్ మీద 'డొమైన్‌లోకి స్వాగతం' అని వచ్చేది. గుమాస్తాలు గరుడకి థాంక్స్ చెప్పేవారు.

బిల్లుల సెక్షన్‌లో ఒక కంప్యూటర్ మొరాయించింది. కేబుల్ మార్చినా, అడ్రసు మళ్ళీ కొట్టినా కలవనంది.

గరుడ వచ్చి చూశాడు. "గోడ గడియారం చూడవయ్యా. ఇప్పుడు దీని టైము చూడు. ఎంత వెనకబడిందో తెలుస్తోందా? ఐదు నిమిషాలు తేడా ఉంటే చాలు, సర్వర్ దాని మొహం చూడదు. వైర్లు పీకడం కాదు, కళ్ళు పెట్టి చూడాలి."

సెక్షనంతా నవ్వింది. టైము సరిచేయగానే కంప్యూటర్ బుద్ధిగా కలిసింది. పిచ్చుక చెవులు మాత్రం కాలుతూనే ఉన్నాయి.

నవ్వనిది ఒక్కతే. నీలం కళ్ళజోడు, చక్రాల పెట్టె, గదిలోకి ముందుగా వచ్చే సెంటు వాసన. ఆడిటరమ్మ.

"కేబుల్ సరిపోతుందా?" అంది.

"మూల తిరిగితే చాలదు."

ఆమె అతన్ని వరండా చివరికి తీసుకెళ్ళింది. "పని మీది, పేరు ఆయనది. పొద్దుణ్ణుంచీ చూస్తున్నా. మీలాంటివాళ్ళ విలువ ఇక్కడెవరికీ తెలీదు."

పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తున్న మనిషికి గుండె కరిగిపోయింది.

"ద్రోహి ఎవరు?"

"మీకు పాస్‌వర్డ్ చూపించనిది ఎవరు?" ఆమె గొంతు తగ్గించింది. "ఆఖరున పంపు గదిలో ఉన్న కంప్యూటర్‌ని కలిపేటప్పుడు ఆయన ముఠాకి సిగ్నల్ పంపుతాడు. దాన్ని పట్టే వల ఈ పెట్టెలో ఉంది. కేబుల్ దీనికి తగిలించండి. సర్వర్ అడ్రసు దగ్గర నేనిచ్చే అంకెలు కొట్టండి. ఆయన ఎంటర్ నొక్కగానే మీరు పెన్ను నొక్కండి."

ఇది నిజమా అని పిచ్చుక తన్ను తాను అడగలేదు. నిజమైతే బాగుండునన్న కోరికే సాక్ష్యంలా తోచింది.

పంపు గదిలో మోటార్ల హోరు. మూలన ఎవరూ పట్టించుకోని పాత కంప్యూటర్. పిచ్చుక కేబుల్‌ని పెట్టెకి కలిపాడు, అంకెలు కొట్టాడు. పాస్‌వర్డ్ గడి తెరుచుకుంది. ఒక్కసారి, ఒక్కసారైనా అది తన మాట వింటే? పేరు దగ్గర 'పిచ్చుక' అని, పాస్‌వర్డ్ దగ్గర చేతికొచ్చిన అక్షరాలు కొట్టాడు.

'డొమైన్‌లోకి స్వాగతం.'

పొంగిపోయాడు. ఒక యంత్రానికైనా తన విలువ తెలిసింది. వెంటనే అంతా చెరిపి మళ్ళీ మొదటికి తెచ్చి, గరుడని పిలిచాడు.

గరుడ వచ్చి కూర్చున్నాడు. వెనక ఆడిటరమ్మ నిలబడింది. పిచ్చుక బొటనవేలు పెన్ను మీద ఉంది.

"ఇంత పని ఒంటిచేత్తో చేస్తున్నారు" అందామె, గరుడ భుజం మీదికి వంగి. "మీలాంటివాళ్ళ విలువ ఇక్కడెవరికీ తెలీదు."

గరుడ సిగ్గుపడి వెనక్కి తిరిగి నవ్వాడు.

అదే మాట. అక్షరం పొల్లుపోకుండా తనకి చెప్పిన మాటే. ఆ మాట కూడా ఆయనకేనా? ఆ నవ్వు చూడలేక పిచ్చుక చూపు తిప్పుకున్నాడు. చూపు వెళ్ళి స్క్రీన్ మూలన పడింది.

అక్కడి తేదీ తన పెళ్ళికి ముందుది.

ఐదు నిమిషాలు వెనకబడితే మొహం చూడని సర్వర్, ఏళ్ళకేళ్ళు వెనకబడ్డదాన్ని పిలిచి పీట వేస్తుందా? పిచ్చి అక్షరాలు కొట్టినా స్వాగతం అంటుందా? అది ఇంటిపెద్ద కాదు. చెప్పినదల్లా మింగడానికి నోరు తెరుచుకుని కూర్చున్న దొంగ. అడక్కుండా మెచ్చుకున్న ఆడిటరమ్మ కూడా అంతే.

గరుడ అక్షరాలన్నీ కొట్టేశాడు. వేలు ఎంటర్ మీదికి దిగుతోంది.

పిచ్చుక కేబుల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. 'సర్వర్ దొరకడం లేదు' అంది స్క్రీన్. మరుక్షణం పెన్ను రెండుసార్లు నొక్కాడు. ఆడిటరమ్మ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేలోపు, చీఫ్ మనుషులిద్దరు పైపులు బిగించే ఫిట్టర్ల వేషంలో పానాలు పట్టుకుని లోపలికొచ్చారు.

"ఎవర్ని?"

పిచ్చుక వేలు ఎత్తాడు. గరుడ ఏమీ అర్థంకాక కుర్చీలో వెర్రిమొహం వేసుకుని చూస్తున్నాడు. అరనిమిషం క్రితం వరకూ ఈ వేలు ఎవరివైపు చూపించడానికి సిద్ధంగా ఉందో తల్చుకుంటే పిచ్చుకకి చెమటలు పట్టాయి. వేలు ఆడిటరమ్మ వైపు తిప్పాడు.

"అమ్ముడుపోయింది ఈవిడే. పెట్టెలో ఉన్నది దొంగ సర్వర్, పాస్‌వర్డ్ కాజేయడానికి."

సంకెళ్ళు పడుతుంటే ఆమె నీలం కళ్ళజోడు సవరించుకుంది. "మీకు అసూయ ఎక్కువని మావాళ్ళు చెప్పారు. కళ్ళు కూడా ఉన్నాయని చెప్పలేదు."

తర్వాత గరుడ అడిగాడు. "టైము నేను కూడా చూడలేదు తమ్ముడూ. నీకెలా తట్టింది?"

నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. "పొద్దున మీరు నేర్పిందే అన్నయ్యా."

ఆ మాట గరుడ రిపోర్టులో రాశాడు. చీఫ్ చదివాడు. కింది ఉద్యోగికి చక్కటి శిక్షణ ఇచ్చినందుకు గరుడకి బంగారు రంగు చేతిగడియారం బహుమతిగా వచ్చింది. మామగారు దాన్ని తన చేతులతో పెద్దల్లుడికి పెట్టి, అందరికీ చూపించారు.

మర్నాడు పొద్దున పిచ్చుక దేవుడి ముందు ఎక్కువసేపు నిలబడ్డాడు. "స్వామీ, ఓర్వలేక తల తిప్పాను కాబట్టి ఊరు బతికింది. దీనికి లెంపలేసుకోవాలా, దణ్ణం పెట్టాలా?" ఎందుకైనా మంచిదని రెండూ చేశాడు.

"బావగారి వాచీ చూశారా? ఎంత బాగుందో" అంది భార్య.

"చూశాను" అన్నాడు పిచ్చుక. "ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది."

"మరి ఆయనకి చెప్పలేదా?"

"నేనెందుకు? సర్వర్ చెబుతుందిగా."