నాలుగు తొమ్మిదుల బండి

ప్రొద్దుటూరులో ఏ మొగుడు ఏ వీధిలో ఉన్నాడో దేవుడి కంటే ముందు తెలిసేది హోంగార్డు వరమ్మకే. ఊరి రోడ్ల మీద పోలీసులు పెట్టిన కెమెరాల ముందు ఆమె డ్యూటీ. ఏ బండి పోయినా దాని నెంబరును కంప్యూటరు పట్టేస్తుంది. నెంబరు కొట్టి చూస్తే బండి ఏ రోడ్డున పోయిందీ తేలిపోతుంది. అడిగినోళ్లకల్లా వరమ్మ చెప్పేది. బస్సు ఎప్పుడొస్తాదంటే చెప్పమా, అట్ల.

ఆ చెప్పడమే ఆమె కొంప ముంచింది.

ఎలక్షన్లు దగ్గర పడిన రోజులు. పులివెందుల పక్క ఒక నాయకుడు, పాత ఫ్యాక్షన్ మనిషి, ఇల్లు కదిలితే మూడు తెల్ల బండ్లు కదిలేవి. మూడింటికీ ఒకటే నెంబరు, నాలుగు తొమ్మిదులు. తాను దేంట్లో ఉండేదీ యముడికి కూడా అంతుపట్టకూడదని ఆయన లెక్క. మొదటి బండి తోలేది వరమ్మ తమ్ముడు యోబు.

ఒక మధ్యాహ్నం వరమ్మ సంగటి తింటూ ఉంటే వెంకటప్ప ఫోను చేసినాడు. అవతలి పార్టీ మనిషి, ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించినోడు.

"నాలుగు తొమ్మిదులు యాడ పోతాండాయి పాపా?"

"జమ్మలమడుగు రోడ్డున, మామా. మూడూ పోతాండాయి."

"ఆయప్ప దేంట్లో ఉండాడు?"

వరమ్మ తెర చూసింది. మొదటి బండిలో స్టీరింగు ముందు తమ్ముడు. ఆ బండి పేరెత్తితే ఎట్ల?

"ఆఖరు దాంట్లో" అనేసి ముద్ద మింగింది.

ఊరు దాటినాక బండ్ల వరస మార్చుకుంటారని సీమలో పాలు తాగే పిల్లోడికీ తెలుసు. ఆ నిమిషాన వరమ్మకు గుర్తు రాలేదు. ఆఖరుకు మళ్లింది యోబు బండి. ఏడూళ్లకు వినపడేటట్టు బాంబులు పేలినాయి. నాయకుడు ఆ మూడు బండ్లలో దేంట్లోనూ లేడు. మైదుకూరులో పెండ్లి భోజనం చేస్తా ఉన్నాడు.

తమ్ముడి సమాధి కాడ వరమ్మకు ఏడుపు రాలేదు. మన్ను వేసింది, చేతులు కడుక్కుంది, మర్నాడు స్కూటీ ఎక్కి డ్యూటీకి పోయింది.

తర్వాత మూడు వారాలకు ఊర్లో ఈ కెమెరాల మీదనే మీటింగు పెట్టినారు. జనం వాకిట్లోకి కూడా పొంగిపొర్లినారు. గాజులమ్మే చాంద్‌బీ ముందుగా లేచింది.

"నా కొడుకు ఆటో యాడ తిరిగితే మీకేంటికి సామీ? వాడు నాకే చెప్పడు, మీకు చెప్పాల్నా?"

"కెమెరాలు తీసేస్తే మళ్లీ బాంబులేమ్మా" అన్నాడు బడి అయివారు రామసుబ్బయ్య.

"ఉన్నప్పుడు పడలేదా అయివారూ, మొన్న?"

వెనక బెంచీలో వరమ్మ తల వంచుకుంది.

చివరికి పోలీసు పెద్ద ఆఫీసరు మూడు మాటలు ఒప్పుకున్నాడు. ఆర్డరు కాగితం లేకుండా ఎవరి నెంబరూ చూడకూడదు. చూసినోళ్లు పేరూ కారణమూ కంప్యూటరులో రాయాలి. ముప్పై దినాలు ఏ కెమెరాకూ కనపడని నెంబరు తనంతట తానే చెరిగిపోతుంది, దాన్ని ఎవరెవరు చూసిందీ దాంతోపాటే పోతుంది.

ఆ మూడో మాట వరమ్మ చెవిలో నిలిచిపోయింది. ఎవరు చూసిందీ కంప్యూటరు మొదటినుంచీ తనే రాసుకునేది; యోబు బండిని ఆ పొద్దు చూసినట్టు ఆమె పేరు అక్కడుంది. చెరిగితే తమ్ముణ్ని పట్టిచ్చింది అక్కే అని ఇంక ఎవరికీ తెలీదు. మిగిలిన రెండు బండ్లకూ నాయకుడు భయపడి ఆ పొద్దే నెంబరు మార్పించినాడు. కాలిన బండి జమ్మలమడుగు స్టేషను వెనక పడుంది. వరమ్మ తేదీలు గీసుకుంటా కాచుకుంది.

బాంబులు పేలిన ముప్పయ్యో దినం. ఆ ఎండకు రోడ్డు మీద వాలిన కాకి వేపుడై లేచేది. కంట్రోలు రూములో మాత్రం ఏసీ చలి, పాత దుమ్ము వాసన. వరమ్మ ఒక్కతే. ఆఖరుసారి కెమెరాకు కనపడిన టైము ప్రకారం పన్నెండూ నలభైకి నెంబరు పోవాల. ముప్పై తొమ్మిది అయింది. ఫ్యాను కిర్రు... కిర్రు... మంటా ఉంది.

టింగ్.

తెర మీద జమ్మలమడుగు రోడ్డు. తెల్ల బండి. నాలుగు తొమ్మిదులు.

రూములోకి కాలిన రబ్బరు వాసన వచ్చింది. వరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని జమ్మలమడుగు స్టేషనుకు ఫోను చేసింది.

"ఖలందర్... ఆ బండి ఆడనే ఉందా?"

కానిస్టేబులు బయటికి పోయి చూసొచ్చినాడు. "ఉందక్కా. చక్రాలే లేవు, యాడికి పోతాది?"

టింగ్.

ఈసారి ఊరి మొదట్లో కెమెరా. బండి ఇటు తిరిగింది.

టింగ్. బస్టాండు.

అద్దం వెనక ఎవరూ లేరు. స్టీరింగు మాత్రం మెల్లగా తిరుగుతా ఉంది...

భయం రావాల్సిన చోట వరమ్మకు ఏమీ రాలేదు. చెరగాల్సిన పేరు చెరిగిందేమో చూద్దామని చూసినోళ్ల పట్టీ తెరిచింది. తన పేరు అట్లే ఉంది. దాని కింద కొత్త వరస ఒకటి పడింది.

చూసినవారు: యోబు.

చూసిన నెంబరు: వరమ్మ స్కూటీది.

ఆర్డరు కాగితం: ఉంది.

కారణం: మా అక్కను తోలుకపోయేదానికి.

కొత్త రూలు వచ్చినాక ఒక్క గడి కూడా వదలకుండా అంతా సక్రమంగా నింపిన మనిషి, ఊరు మొత్తానికి వాడొక్కడే.

టైము గడిలో ఒంటిగంట అని ఉంది. వరమ్మ గోడ గడియారం చూసింది. ఒంటిగంటకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.